బిళ్ళల లెక్క

పొమ్మనలేక పెట్టే పొగ కాదిది.
ముందు దారులన్నీ మూస్తాం.
మొక్కజొన్న బస్తాల గుట్ట మీద పట్టా కప్పి
అంచుల వెంబడి ఇసుక నింపిన గుడ్డగొట్టాలు
పాముల్లా పడుకోబెట్టి
అప్పుడు పెడతాం.
కదలొద్దని పెట్టే పొగ,
కంటికి ఆనని పొగ.

ముకుషి డిపోలో నాకు పని నేర్పినవాడు కసుబా.
ఒక కన్ను మెల్ల. మాట పొదుపు.
మొదటిరోజు గొట్టం మూత మీద వేలుపెట్టి చెప్పాడు:
"బూడిదరంగు బిళ్ళ. పిల్లలు చప్పరించే బిళ్ళంత.
నిప్పు అక్కర్లేదు దీనికి. గాల్లో తడి చాలు.
చెమట పట్టిన అరచెయ్యి చాలు."

వాసన ఎలా ఉంటుందన్నాను.
"వెల్లుల్లి అంటారు. కుళ్ళిన చేప అంటారు.
అది దాన్లో కలిసిన మురికి వాసన.
శుభ్రంగా ఉన్నప్పుడు దానికి ఏ వాసనా లేదు.
ముక్కుని నమ్మినవాళ్ళని ఇద్దర్ని
నా చేతులతో పూడ్చాను."

గాలికన్నా కాస్త బరువు, నేల వెతుక్కుంటుంది.
ఇటుక పగుళ్ళలోంచి, తలుపు చెక్కల సందుల్లోంచి
అడక్కుండానే పక్కగదిలోకి నడుస్తుంది.
నీళ్ళు పోస్తే మండిపడుతుంది, నిజంగానే.
రాగిని చూస్తే ఊరుకోదు:
గేటు దగ్గర దీపం తీగని
మూడు పంటల్లో నల్లగా కొరికేసింది.
ఉత్తరాన రాగి తవ్వుకుని బతికే దేశం మాది.

జూన్ నెల. చలి.
చీకటిపడ్డాక కసుబా బిళ్ళలు లెక్కపెట్టాడు.
మళ్ళీ పెట్టాడు.
మూడోసారి నాచేత పెట్టించాడు.
నాలుగు తక్కువ.

"ఇవాళ మోసినవాళ్ళలో ఎవరింట్లో ముక్కపురుగు?"

నాకు తెలుసు. లుషింగా పొద్దున నవ్వుతూ అన్నాడు,
మా గింజలు మాకన్నా ముందు పురుగులే రుచి చూస్తున్నాయని.
ఎనిమిది బస్తాలు, మంచం కిందా గోడ పక్కనా.
బయటపెడితే దొంగలు.

కసుబా సైకిలు, వెనక నేను.
ఆ ఇంటి తలుపు కింద, చలి రాకుండా,
పాత చితెంగే గుడ్డలు కుక్కి ఉన్నాయి.
ఎంత చక్కగా కుక్కారో!
మా పట్టా కూడా అంత బిగువుగా ఉండదు.

కసుబా తలుపు కొట్టలేదు, తన్నాడు.
మంచం మీద లుషింగా తల్లి,
తల పగిలిపోతోంది, మలేరియా తిరగబెట్టిందంటోంది.
కింద చాప మీద మనవరాలు మపాలో, పక్కన వాంతి.
మూల గంపలో పొదుగుతున్న కోడి.
కోడి లేవలేదు.

పిల్లని నేనెత్తుకున్నాను.
తేలిగ్గా ఉంది. అంత తేలిగ్గా ఉండకూడదు.

ఆసుపత్రిలో "విరుగుడు?" అన్నాడు లుషింగా.
నర్సు మాట్లాడకుండా వెళ్ళి కిటికీ తెరిచింది.
ఉన్న ఒక్క సిలిండరూ పిల్ల దగ్గరకి దొర్లించింది.
"రేపు గడవనీ. దీని దెబ్బ ఒక్కోసారి
ఆలస్యంగా ఊపిరితిత్తుల్లో తేలుతుంది" అంది.

"నాలుగు బిళ్ళల ఖరీదు నా కూలీలో కోసుకోండి"
అన్నాడు లుషింగా, గోడకి చెబుతున్నట్టు.
కసుబా అతని వీపు మీద చెయ్యి వేశాడు.
తియ్యలేదు చాలాసేపు.

తెల్లారాక చూశాను.
కీళ్ళనొప్పులకని ముసలామె వేసుకున్న రాగి కడియం,
రోజూ బూడిదతో తోమేదట,
మసిబారి ఉంది.
ఆమె దాన్ని కొంగుతో రుద్దుతోంది,
రుద్దుతోంది.

మూడోరోజు మపాలో న్షీమా ముద్ద అడిగింది.

ఇల్లు వారం తెరిచి ఉంచాం.
మంచం కింద నాలుగు చిన్న తెల్లటి పొడి కుప్పలు.
కసుబా తొడుగులేసుకుని ఎత్తాడు.
ఒక్క పురుగు లేదు బతికి.
"గింజ బాగుంది. బాగా ఆరనిచ్చి వండుకోవచ్చు" అన్నాడు.
లుషింగా తలూపాడు.
వండారో లేదో నేనడగలేదు.

ఇప్పుడు గొట్టాల తాళంచెవి నా మెడలో ఉంటుంది.
లెక్క నాదే, మూడుసార్లు.
మూత తిప్పేముందు ఊపిరి బిగబట్టడం అలవాటైంది,
ఇంట్లో ఉప్పు డబ్బా తీసేటప్పుడూ.