బల్ల మీద ఉంది

లోయ ప్రజలకు,
ఈ వారం కూడా ఉత్తరం ఆలస్యమైంది.
అగస్టాలో మంచు బురదైపోయింది.
మీ దగ్గర నది ఇంకా బిగుసుకునే ఉందని
హాలు తాళాలు చూసే ఫెర్నాండ్ ఫోన్లో చెప్పాడు.

ముందు మంచి వార్త.
రాష్ట్రానికి అధికారిక నాచు ఏదో తేలిపోయింది.
రెండు సభలూ, ఒకే మధ్యాహ్నం,
ఒక్కరూ కాదనలేదు.
నేనూ చెయ్యెత్తాను. నాచు మీద నాకేం కోపం?

ఇక మీరు అడిగేది.
పదకొండు వందల నలభై ఏడో నంబరు బిల్లు:
మన లోయకి రెండో అంబులెన్సు,
రాత్రిళ్లు దాన్ని నడిపేవాళ్లకి జీతం.
"ఆమోదించదగినది" అంది కమిటీ, ఎనిమిదికి ఐదు.
కింది సభ అవునంది.
పై సభ ఒక కామా మార్చి అవునంది.
ఆ కామా కోసం మళ్లీ కిందికి దిగొచ్చింది,
మళ్లీ అవునన్నాం.
ఇన్ని అవునుల తర్వాత ఎక్కడుందంటే
బల్ల మీద ఉంది.

"పురోగతి" అని రాసి కొట్టేశాను.
ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అని మీరంటే
కాదనడానికి నా దగ్గర కామా తప్ప ఏమీ లేదు.

అది నిజం బల్ల కాదు.
మొదటి ఏడాది నేనూ వెతికాను,
ఏదో గదిలో పాత ఓకు బల్ల ఉంటుందని,
దుమ్ము దులిపి మన కాగితం పైకి తీద్దామని.
డబ్బు అడిగే బిల్లులు
గెలిచాక వెళ్లి పడుకునే చోటుకి ఆ పేరు.
ఇప్పుడక్కడ నూట అరవై మూడు ఉన్నాయి.
ఖజానాలో మిగిలింది పాతికకి చాలుతుందేమో.
జూన్‌లో ఓ రాత్రి, పిజ్జా పెట్టెల మధ్య,
కొందరు కూర్చుని ఏవి లేపాలో చూస్తారు.
లేవనివి వాటంతటవే పోతాయి.
ఎవరూ చంపరు,
కాబట్టి ఎవరి పేరు పెట్టి తిట్టాలో మీకు తెలియదు.
నా పేరు పెట్టుకోండి. దగ్గర్లో ఉన్నదాన్ని.

విచారణకి ఆన్సెల్మ్ డేగల్ వచ్చాడు.
(పేరు రాయమన్నాడు, రాస్తున్నాను.)
గోదాములో దుంపలు ఏరే పని ఓ రోజు మానుకుని
ఐదు గంటలు ట్రక్కు నడుపుకుంటూ.
మాట్లాడటానికి మూడు నిమిషాలు,
ఎదురుగా చిన్న దీపం: పచ్చ, పసుపు, ఎరుపు.
ఆయన చెప్పవలసింది యాభై రెండు నిమిషాలు.
వంటింటి నేల మీద రోజెలీన్,
కిటికీ దగ్గర తను,
మలుపులో వెలుగు కనబడకపోవడం.
పసుపు వెలిగేసరికి ఆయన ఇంగ్లీషు అయిపోయింది.
ఇంట్లో మాట్లాడుకునే ఫ్రెంచిలో ఒక్క వాక్యం అన్నాడు,
ఆమె ఆఖరిగా అన్నది.
ఎరుపు.

రికార్డు తెరిచి చూశాను.
ఆ చోట "స్పష్టంగా వినబడలేదు" అని ఉంది.

నాకు వినబడింది.
మా అమ్మమ్మ గొంతులో వెయ్యిసార్లు విన్న మాట అది:
బీన్స్ కుండ దించు, అడుగంటుతుంది.
అంతే. దేవుణ్ణి పిలవలేదు, ఎవర్నీ తిట్టలేదు.
ఆయన దించాడో లేదో నేను అడగలేదు.

రికార్డు సరిచేయమని అర్జీ పెట్టాను.
ఆ వాక్యం ఉన్నదున్నట్టు, ఫ్రెంచిలోనే, ఎక్కించమని.
గుమాస్తా మర్యాదగానే తీసుకున్నాడు.
అనువాదం ఎవరు ధ్రువీకరించాలన్నది ఇంకా తేలలేదట.
అదీ పెండింగులో ఉంది.

ఇంతకన్నా చెప్పడానికి లేదు.
వచ్చే వారం రాస్తాను, ఏమీ జరగకపోయినా.

మీ ప్రతినిధి,
ఓడెట్ తిబోదో

తా.క.
ఇంటి నంబరు రోడ్డు మీంచి కనబడేలా ఉందో లేదో
రేపొకసారి బయటికొచ్చి చూసుకోండి.
మంచు తోసే బండి చాలా పలకల్ని పడగొట్టింది.
ఉన్న ఒక్క బండీ
మీ గుమ్మం వెతుక్కోకూడదు.