సుత్తి

ఇద్దర్ తాత ఇంట్లో
చక్కెరకొక సుత్తి ఉంది.
ఇత్తడిది.
పిడి మీద బొటనవేలంత గుంట పడింది.

ఊదారంగు కాగితం విప్పగానే
పళ్లెం పక్కన నిటారుగా చక్కెర దిమ్మ.
ఠంగుమని ఒక్క దెబ్బ,
పిడికెడు పెళ్ల విరిగి టీ కూజాలో పడుతుంది.
ఆ చప్పుడుకి
వీధిలో పోయేవాళ్లు నడక తగ్గిస్తారు,
లోపలి నుంచి పిలుపు వస్తుందేమోనని.

నేను తఫ్రౌత్‌లో నర్సుని.
గులాబీ రంగు బండల మధ్య
మందుల సంచీ మోసుకు తిరగడం నా పని.
ఆ రోజు ఆయన వేలు గుచ్చి
మిషన్‌లో చుక్క వేశాను.
అంకె చూసి మళ్లీ వేశాను.
రెండోసారీ అదే మొండితనం.

"మేం తాగేది పచ్చాకు, అమ్మాయీ.
చైనా నుంచి ఓడెక్కి వచ్చిన ఆకు,
తుపాకి రవ్వల్లా ముడుచుకున్న ఆకు.
గుండెకు మంచిదని రేడియో చెప్పింది.
కొవ్వును కరిగిస్తుందట,
వయసునీ వెనక్కి పంపుతుందట.
రోజుకు పన్నెండు గ్లాసులు తాగేవాడికి
షుగర్ ఎలా వస్తుంది?"

ఏం చెప్పను.
ఆకు మంచిదే.
దాని వగరు రక్తనాళాలతో
కాస్త మర్యాదగానే మాట్లాడుతుంది.
కళ్ల మీది మబ్బును మెల్లగా తీస్తుంది.
కానీ అది వైద్యుడు కాదు,
మంత్రగాడు అసలే కాదు.
వచ్చి కూర్చుని కబుర్లు చెప్పి
వేళకు లేచిపోవాల్సిన చుట్టం.
ఈయన దాన్ని పరగడుపునే పిలుస్తాడు,
కడుపు మండితే మిరపకాయల్ని తిడతాడు.
అర్ధరాత్రి దాకా కూర్చోబెడతాడు,
నిద్ర పట్టకపోతే కుక్కల్ని తిడతాడు.

"ఆకు మీద ఫిర్యాదు లేదు తాతా,
దాని భుజమెక్కి వస్తున్న వాణ్ణి చూడండి"
అని సుత్తి వైపు చూశాను.

ఇజ్జా అవ్వ నవ్వింది,
మిగిలిన మూడు పళ్లూ కనపడేలా.

గుమ్మంలో కోడలు తుదా.
ఆరో నెల.
కింది రెప్ప లాగి చూస్తే
ఉతికిన గుడ్డంత తెలుపు.
"ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా?"
"రోజూ వేసుకుంటున్నా అక్కా. టీతోనే."

నా చెయ్యి నుదుటికి వెళ్లింది.
ఆ వగరే దారికాచి ఇనుమును పట్టుకుంటుందనీ,
రక్తం గడప దాటనివ్వదనీ చెప్పాను.
మాత్ర వేసుకుంటే నారింజ పండుతో వేసుకో,
గ్లాసు ముట్టడానికి రెండు గంటలాగు,
నెలలు నిండేదాకా రోజుకు రెండు గ్లాసులు చాలు.
గోడ గడియారం ఆగిపోయి ఎన్నాళ్లయిందో.
"అత్తిచెట్టు నీడ బావి గట్టును తాకేదాకా,
అంతేగా?"
కొలత తనే కనిపెట్టింది.

తాత చాలాసేపు మాట్లాడలేదు.
పెళ్లికైనా చావుకైనా
ఊరంతా ఈ చేతి టీయే కావాలంటుంది.
"చక్కెర తగ్గిస్తే
వచ్చినవాణ్ణి తగ్గించినట్టే కదమ్మా."

దానికి నా సంచీలో మందు లేదు.

నీళ్లు మరిగాయి.
ఆకు కడిగిన తొలి నీళ్లు ఓ గ్లాసులో దాచాడు,
అది ఆకు ప్రాణమట.
మలి కడుగు పారబోశాడు.
పుదీనా కట్ట విరిచి కుక్కాడు.
సుత్తి ఎత్తాడు.
అలా ఎత్తి పట్టుకునే ఉన్నాడు.

చివరికి కొట్టాడు, చిన్నగా,
పెళ్లల్ని గిన్నెలో పోశాడు.
"ఇక కూజాలో వెయ్యను.
ఎవరి గ్లాసు వారిది, ఎవరి పాపం వారిది."

మూరెడు ఎత్తు నుంచి వంచాడు,
గ్లాసు నురగ తలపాగా చుట్టుకుంది.
తనది ఒట్టిది.
మొదటి గుక్కకు మొహం ముడుచుకుపోయింది:
"ఇజ్జా కోపంలా ఉంది."
రెండోది మింగి ఆగాడు.
మూడోది నోట్లోనే ఉంచుకున్నాడు.
"వెనకాల పుదీనా ఉందే...
నలభై ఏళ్లుగా దాని నెత్తిన
నేనే సుత్తితో కొడుతున్నానన్నమాట."

మొన్న మళ్లీ వెళ్లాను.
అంకె దిగింది, కొంచెమే.
పండగనాడు తప్పు చేశానని తనే ఒప్పుకున్నాడు.
పొద్దు వాలాక కూజా బోర్లిస్తున్నారట,
కుక్కలు మంచివైపోయాయి.
తుదా రెప్ప కింద
గులాబీ ఛాయ, ఉందా లేదా అన్నట్టు.

సుత్తితో అవ్వ బాదంకాయలు పగలగొడుతోంది.
వీధిలో వాళ్లు ఇప్పటికీ నడక తగ్గిస్తారు.

నా గ్లాసులో మాత్రం
అడక్కుండానే రెండు పెళ్లలు పడ్డాయి.
అతిథిని కదా.
వద్దనలేకపోయాను.