రెండో కొస

పాగా మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి.
ఒకరు ఈ కొస, ఒకరు ఆ కొస,
మధ్యలో అయిదున్నర మీటర్ల తడి మల్లు గుడ్డ
వంటింట్లోంచి నడవ దాటి వీధి తలుపు దాకా.

మేం రాకముందు తొమ్మిదేళ్ళు
మా నాన్న అజైబ్ సింగ్
ఆ రెండో కొసని తలుపు పిడికి కట్టుకున్నాడు.
పిడి ఇప్పటికీ వదులే.
బిగించనివ్వడు.
"ఈ ఇంట్లో నీకంటే సీనియర్ అది" అంటాడు.

రాత్రి రెండున్నరకి లేస్తాడు.
పో నది మీది పొగమంచు
కాలవ గట్లెక్కి, మొక్కజొన్న మోళ్ళ మీదుగా వచ్చి
అప్పులవాడిలా కిటికీ దగ్గర నిలబడుతుంది.
అలాంటి రోజున నీలం కట్టడు, నలుపు కట్టడు,
నిప్పురంగుది తీస్తాడు.
సైకిల్ మీద పాలదొడ్డికి పోయే మనిషి
లారీవాడికి ముందు కనబడేది తలే కదా.

అదే రంగు
క్రెమోనా బస్టాండులో ఒక మధ్యాహ్నం
ముగ్గురు కుర్రాళ్ళకీ ముందు కనబడింది.
వాళ్ళన్నది నాన్నకి అర్థం కాలేదు.
నాకయింది. నాకు పదేళ్ళు.
"ఏమంటున్నారే?"
"టైమెంతయిందని అడుగుతున్నారు."
ఆయన గడియారం చూసి, కూడబలుక్కుని,
వాళ్ళ భాషలోనే
నాలుగుంబావు, అని చెప్పాడు.

ఇక్కడ మేం ముప్పయ్యారు ఇళ్ళు.
మా గురుద్వారా ఒకప్పుడు ట్రాక్టర్ టైర్ల గోదాము.
వాన పడితే అర్దాస్ మధ్యలో
గోడల్లోంచి రబ్బరు వాసన లేస్తుంది.
లంగర్ పప్పులోకి నెయ్యికి మాత్రం కరువు లేదు.
ఈ చుట్టుపక్కల పాలు సగం మా చేతుల మీదుగానే పోతాయి,
చీజ్ చక్రాలై ఓడలెక్కుతాయి.
చక్రం అంచున ఊరి పేరు అచ్చు వేస్తారు.
పిండినవాడి పేరు ఎక్కడా వెయ్యరు, సరే,
నెయ్యి మీదా ఎవరూ వెయ్యరు.

మొన్న ఫిబ్రవరిలో
తొలిచూలు ఆవు ఒకటి నాన్న కుడిభుజం మీద తన్నింది.
చెయ్యి మెడకి వేలాడదీసి పంపించారు.
ఆదివారం పొద్దున్న స్టూలు మీద కూచున్నాడు, జుట్టు విప్పుకుని.
ఇంత తెల్లబడిందని నాకు తెలీదు.
అమ్మ అప్పటికే పిండి కలపడానికి వెళ్ళిపోయింది.

నేను ఈ కొస పట్టుకున్నాను.
ఆ కొస, మళ్ళీ, తలుపు పిడికి.
ఒక్క గుంజు గుంజాను.
పిడి ఊడి గచ్చు మీద పడి
నడవ అంతా దొర్లింది.

చప్పుడికి పై వాటా ఇర్మా దిగొచ్చింది,
ఎనభై రెండేళ్ళ మనిషి, ఉన్ని గౌను మీదే.
పదిహేనేళ్ళలో ఆమెకీ మాకూ మధ్య నడిచినవి
నమస్కారమూ, చెత్తబుట్టల వారాల తగువూ.
గుడ్డని చూసింది. నన్ను చూసింది.
"ఆస్పత్రి చాకిరేవులో ముప్పయ్యేళ్ళు దుప్పట్లు మడిచాను,
ఇటివ్వు" అంది.
ఆ లాగుడికి నేను రెండడుగులు ముందుకి పడ్డాను.

మడత కుదిరింది. కట్టడమే నాకు రాదు.
పట్టుకోవడం వేరు, చుట్టడం వేరు.
నాన్న కొసని పళ్ళతో బిగబట్టాడు కనక
ఏం చెప్పినా ఊఁ, ఊఁ అనే.
ఎడమకి లాగమన్న ఊఁ ఏదో
ఇక వదిలెయ్యమన్న ఊఁ ఏదో.
ఆరో చుట్టుకి చెవి ఒకటి బయటే మిగిలిపోయింది.
ఇర్మా దూరంగా నిలబడి
"మన చర్చి గంటగోపురమూ అటే ఒరిగింది,
మూడొందలేళ్ళయింది, పడలేదు" అంది.

గురుద్వారాలో అందరూ చూశారు.
ఎవరూ చూడనట్టే జరిగి చోటిచ్చారు.
నాన్న మత్థా టేకినప్పుడు
కోటు జేబులోంచి జారి
నాణేల మధ్య ఠంగుమంది
ఆ పిడి.
తీసుకుంటాడనుకున్నాను.
ఒక క్షణం దాన్ని చూసి, లేచి,
మగవాళ్ళ వైపు వెళ్ళి కూచున్నాడు.

సాయంత్రం లెక్కలు చూసే నిర్వైర్ మామ ఫోను:
"గోలక్‌లో ఇత్తడి తలుపు పిడి ఒకటొచ్చిందమ్మా.
ఎవరిదో.
దేని కింద రాసుకోను?"