పల్లమెరుగు

చర్చి హాల్లో హీటరు పనిచేయదు.
కోట్లు విప్పకుండానే కూర్చున్నాం ముప్ఫైమందిమి.
గోడకి అవతల కాల్డర్ నది
ఏమీ ఎరగనట్టు పారుతోంది.

మినిట్స్ రాసే పని నాది.
దస్తూరీ బాగుంటుందని కాదు,
ఇంకెవరూ చెయ్యెత్తలేదని.

గట్టు ఎత్తు చేయాలి. కౌన్సిల్ సగం ఇస్తుంది.
మిగిలింది ఎనభై నాలుగు వేల పౌన్లు.
నలభై రెండు గడపలు.
"తలా రెండు వేలు. అందరికీ సమానం,"
అన్నాడు లెక్కలు చూసే క్లిఫర్డ్.
సమానం. ఎంత నున్నటి మాట!
తడి సబ్బుబిళ్లలా చేతిలోంచి చేతిలోకి జారింది,
ఎవరి దగ్గరా ఆగలేదు.

"మా ఇంటికి నీళ్లెప్పుడూ రాలేదే," పైవీధి జెఫ్రీ.
నిజమే, రాలేదు.
రెండు కార్లకు చోటు కోసం
ఇంటిముందు గడ్డి పీకించి రాతిపలకలు పరిపించాడు.
ఆ వీధంతా అంతే.
వానకి అక్కడ కూర్చోడానికి చోటుండదు,
ఎవరో అడ్రసు చెప్పి పంపినట్టు
మెట్లమీదుగా మా వీధికి దిగిపోతుంది.

నీరు పల్లమెరుగు అంటారు మా భాషలో.
నిజం దేవుడెరుగు అన్న రెండో సగం
మినిట్స్‌లో రాయలేం.

మొరీన్ లేవలేదు, కూర్చునే మాట్లాడింది.
ఆమె వంటింటి తలుపు చట్రం మీద పెన్సిలు గీతలు:
ఒకవైపు మనవడి ఎత్తు, పుట్టినరోజు పుట్టినరోజుకీ,
ఇంకోవైపు నది ఎత్తు.
కిందటి వరద వాణ్ని దాటేసింది.
"వాడికి ఏడేళ్లు. నదికీ ఎదిగే వయసే," అంది.
ఎవరో నవ్వబోయి దగ్గారు.

ఆమెకి కారు లేదు.
విమానం ఎక్కింది ఒకేసారి, పెళ్లయిన కొత్తలో, మాల్టాకి.
చలికాలమంతా ఒక్క గదిలోనే వెచ్చదనం,
అదీ మీటర్లో డబ్బులున్నంతసేపు.
వాటా మాత్రం రెండు వేలు.

నజాకత్ ఏమీ అనలేదు, టాక్సీ తాళాలు తిప్పుతూ కూర్చున్నాడు.
జీలం పక్కన ఇంకో ఊరి గట్టుకీ
నెలనెలా పంపుతాడని నాకు తెలుసు.
రెండు నదులకి బాకీపడ్డ మనిషి అతను.
ఒక్క నదినీ పిలిచి పెంచినవాడు కాదు.

కొండమీద మిల్లు కిటికీల్లో లైట్లు.
నూటయాభై ఏళ్లు బొగ్గు తిన్న మిల్లు,
ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లు.
పొగ పెట్టినవాళ్ల పేర్లు వీధులకున్నాయి,
నా హాజరుపట్టీలో లేవు.

తిలాపాపం తలా పిడికెడు, సరే.
కానీ ఈ గదిలో పిడికిళ్లు చూడండి:
ఒకటి గుమ్మడికాయంత, ఒకటి
తెరిస్తే బస్సు చిల్లర.

నా సంగతి అడగలేదు, అద్దెకుండేదాన్ని.
బేస్‌మెంటులో ఉంటాను కాబట్టి ముందు తడిసేది నేనే.
ఓటు లీడ్స్‌లో ఉండే ఇంటి ఓనరుది.
ఆయన వాటా
జూన్ నుంచి నా అద్దెలో కలుస్తుంది.
ఇది ఎజెండాలో లేదు, రాయలేదు.

తొమ్మిదింటికి టీ చల్లారింది.
"నిర్ణయం వచ్చే సమావేశానికి వాయిదా," అని రాశాను.
బయటికొస్తే వాన,
వాయిదా తెలియనిది.

శనివారం పైవీధిలో గునపం చప్పుడు.
జెఫ్రీ మోకాళ్లమీద, చొక్కా చేతులు మడిచి,
నాలుగు పలకలు పెకలించాడు.
అడుగున మట్టి నల్లగా, ఊపిరాడనట్టుంది.
నన్ను చూసి, "ఒక కారుకి చాల్లే," అన్నాడు,
నేనేదో అడిగినట్టు.

నాలుగంటే నాలుగే. మిగతా అరవై అలాగే ఉన్నాయి.
నోట్‌బుక్ తెరిచి నిలబడ్డాను.
దీన్ని జమలో రాయాలా?
బాకీలో ఇంత తగ్గిందని రాయాలా?
చినుకు పడి సిరా కాస్త పాకింది,
పల్లానికే.