రాయి వంతు

మూడు నెలలకొకసారి
మొగిలప్ప వస్తాడు మా పిండిమిషనుకి.
సంచిలో నాలుగు ఉలులు, ఒక సుత్తి,
దవడలో ఆకూ వక్కా.
గ్రీమ్స్‌పేట మలుపు తిరగతానే కేకేస్తాడు:
"మేయ్ దేశమ్మా, రాయి దించినావా?"

పైరాయి ఎత్తి పక్కన పెడితే
అద్దం మాదిరి నున్నగా ఉంటాది.
ఎంత బాగుందో అంటే
"నున్నబడిందంటే దానికి ఆకలి చచ్చిందని" అంటాడు.
కక్కు కొట్టేదానికి కూర్చుంటాడు.
టక్కు టక్కు టక్కు.
గోడ మీది క్యాలెండరు అదురుతాది.

మొదట్లో నాకు లెక్క తెలీదు.
కిలో రాగులకి ఆరు రూపాయలు.
పొద్దుగూకినాక గల్లాపెట్టెలో ఎంతుంటే అంతా నాదే అనుకొన్నా.
పాలవాడికి అందులోంచే,
పాప గౌనుకి అందులోంచే,
గంగజాతరకొచ్చిన ఆడబిడ్డకి చీర,
మా ఆయన ఎవరికో ఇచ్చి మరిచిపోయిన చేబదులు,
అన్నీ అందులోంచే.
పెట్టె నిండేది, పెట్టె ఖాళీ అయ్యేది.
దాన్నే యాపారం అనుకొన్నా.

ఒక ఏడు పెండ్లిండ్లు జాస్తి.
తెల్లారుజామున నాలుగింటికే
వాకిట్లో బేసిన్లు బారు తీరేవి,
బియ్యంపిండి, శనగపిండి, కారం.
ఆ పొంగులో ఫ్రిజ్జు కొన్నా. రెండు తలుపులది.

ఆషాఢంలో మోటారు కాలింది.
వైండింగుకి తొమ్మిది వేలు.
ఆ రాత్రి ఊరికే ఫ్రిజ్జు తెరిచి నిలబడినా.
లోపల లైటు వెలిగింది.
ఒక టమోటా, అరచెక్క నిమ్మకాయ.
మర్నాడు దినవడ్డీ ఆయన
వందకి పది ముందే కోసుకొని ఇచ్చినాడు.

అదే వారం వచ్చినాడు మొగిలప్ప.
"కూలీ వచ్చే నెల ఇస్తాలే" అన్నా, తల ఎత్తకుండా.
ఆయన ఉలి కింద పెట్టి
చూపుడువేలితో రాయి మీద దుమ్ము తీసి చూపించినాడు.
"ఇదేందో తెలుసునా? పిండి కాదు.
రాగులొక్కటే నలగవు మేయ్,
రాయీ రవ్వ రవ్వ నలగతాది.
నేను మొదట కక్కు కొట్టినప్పుడు జానెడు మందం,
ఇప్పుడు చూడు, బెత్తెడు.
మిగతాది యాడికి పోయింది?
పేటంతా సంగట్లో తిన్నారు.
దాని దుడ్డు నువ్వు తిన్నావు."

ఆ రాత్రి పాప నోటుబుక్కు వెనక అట్ట మీద రాసినా.
ఆరు రూపాయల్లో
కరెంటుది రెండున్నర, బాడుగ ఒకటి,
మోటారుది అర్ధ, బెల్టుది పావలా,
రాయిది అర్ధ.
నాది రూపాయింబావలా.
ఆరు రూపాయల మనిషిననుకొన్నా ఇన్నేండ్లూ!

ఫ్రిజ్జు అమ్మలేదు.
దాని నెత్తిన ఒక బూస్టు డబ్బా పెట్టినా,
పైన పాప చేత రాయించినా: 'రాయి'.
"రాయికి ఎవరన్నా దుడ్డు దాస్తారా వదినా?"
నవ్వింది ఆడబిడ్డ.
మన పక్క ఏ రాయికి హుండీ లేదో చెప్పు, అన్నా.

అబద్ధమెందుకు,
ఒకసారి పాపకి జ్వరమొస్తే అందులో చెయ్యి పెట్టినా.
నాలుగు నూర్లు.
చీటీ రాసి లోపలేసినా:
'దేశమ్మ, రాయికి బాకీ.'
తీర్చేదానికి రెండు నెలలు పట్టింది.
ఆ రెండు నెలలూ మిషను ఆన్ చేసేటప్పుడు
రాయి మొహం చూడలేకపోయినా.

ఇయ్యాల మళ్ళీ వచ్చినాడు మొగిలప్ప.
కంటికి ఆపరేషనంట, నల్లద్దాలు.
చూపుతో కాదు, అరచేత్తో తడిమి కొడతా ఉన్నాడు.
డబ్బా దించి కూలీ చేతిలో పెట్టినా.
రెండుసార్లు ఎంచుకొని
ఒక యాభై కాగితం వేరే మడిచి
మొలలో దోపుకొన్నాడు.

అదేంది మావా, అంటే
"ఉలి వంతు" అన్నాడు.

సంచిలోకి తొంగి చూసినా.
నాలుగింట్లో ఒకటి
నా చిటికెనవేలంత మిగిలింది.