తరుగు

బర్మింగ్‌హామ్‌లో మా వీధికి ఇంకా వెండి వాసనే.
ఎర్రిటుకల కొట్లు, మేడ మీద మూతపడ్డ కార్ఖానాలు,
కింద హాడ్జెట్స్ గారి తూకం బల్ల, దాని వెనక నేను.
అద్దం మీద రాసుంటుంది: పాత వెండి కొనబడును.

నాలుగైదు వారాలకొకసారి ఆ పెట్టె వస్తుంది.
అదే పెట్టె కాదు, అలాంటిదే ఇంకొకటి.
నీలం మఖమల్లో వంద గుంటలు,
గుంటకో వెండి బిళ్ల, బిళ్లకో లోకం మెచ్చిన శిల్పం.
వెనకవైపు శిల్పానికి వీపుండదు,
ఒక అంకె, ఒక లంగరు ముద్ర.
సముద్రమే లేని ఈ ఊరి గుర్తు లంగరు.

యాభై ఏళ్ల కిందట నెలకొకటి చొప్పున
పోస్టులో తెప్పించుకున్నారట.
మధ్యలో ఫ్యాక్టరీ మూసేసినవాళ్ల పెట్టెల్లో
అరవై మూడో గుంట నుంచి అన్నీ ఖాళీ.

"అరుదైనవేమో చూడండి" అంటారు తెచ్చినవాళ్లు.
అరుదేం కాదండీ, వీధికొక పెట్టె.
గ్రాముకింత. బొమ్మకి విడిగా ధర లేదు.

జగ్గయ్యపేటలో మా తాత వీరాచారి
గురిగింజలతో తూచేవాడు,
తులానికింతని తరుగు తీసేవాడు.
"కరిగేటప్పుడు కొంత నిప్పు తింటుందమ్మా."
ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.
పొద్దుగూకాక పీట కింద దుమ్మంతా
కుంచెతో ఊడ్చి మూట కట్టేవాడు మరి.

మొదట్లో అన్నీ మూసలోకే పంపాను.
ఒక శుక్రవారం ఒకటి ఆపుకున్నాను, జీతంలో కోసుకోమని.
తల లేని దేవత, రెక్కలు మాత్రం గాలికి విప్పుకుని.
ఆ తర్వాత చేతుల్లేనావిడ.
ఆ తర్వాత గడ్డం కింద చెయ్యి పెట్టుకు కూర్చున్నవాడు.
ఆలోచన అంటారు, నాకైతే పంటినొప్పిలా ఉంటుంది.
ఇప్పటికి ఇరవై ఆరు.
మ్యూజియంలో తాడు అవతల నిలబడాలి.
ఇక్కడ రాయంతా నా బొటనవేలి కింద.

నవంబరు, వాన. డడ్లీ నుంచి బస్సులో వచ్చింది
ఈనిడ్ ప్రాసర్, గొడుగు మడిచి, పెట్టె తెరిచి.
తొంభై తొమ్మిది మెరుస్తున్నాయి.
నలభై ఒకటో గుంటలోది మాత్రం
నాలుక మీద అరిగిన బిళ్లలా నున్నగా.
ముఖం లేదు, అంకె లేదు, లంగరు కూడా లేదు.

"ఇరవై రెండేళ్లు బస్సు నడిపాను.
ఎడం జేబులో ఉండేది. సిగ్నల్ పడ్డప్పుడల్లా..."
బొటనవేలు ఆడించి చూపించింది.
ఏం బొమ్మ అన్నాను.
"గుర్రం. గుర్రం మీద మనిషేమో కూడా."
నలభై ఒకటో గుంటలో ఏముంటుందో నాకు కంఠతా వచ్చు.
గుర్రం కాదు.
చెప్పలేదు.

తూచాను. మిగతావి ముప్పై తొమ్మిది గ్రాములు.
ఇది ముప్పై ఏడున్నర.
పుస్తకంలో ముప్పై తొమ్మిదని రాయబోతుంటే
నా చేతి మీద చెయ్యి వేసింది.
"అది అమ్మను బాబూ. ఎంత పోయిందో
తెలుసుకుందామనిపించింది, అంతే."

గ్రామున్నర.
ఏ కోటు అస్తరులో ఉందో, ఏ స్టీరింగు మీద,
చిల్లర తీసుకున్న ఎవరెవరి అరచేతుల్లో.
ఏ కుంచె ఊడ్చుకొస్తుంది దాన్ని?
తాతా, ఈ ఒక్క తరుగు నమ్ముతున్నాను.

తొంభై తొమ్మిదికీ నోట్లు లెక్కపెట్టిచ్చాను.
ఆమె రెండోసారి లెక్కపెట్టుకోలేదు.
వానలో బస్సు కోసం నిలబడి ఉండగా
ఎడం జేబు కదలడం అద్దంలోంచి కనిపించింది.

నలభై ఒకటి నా దగ్గర లేదు.
వచ్చే పెట్టెలో దొరుకుతుంది, తళతళలాడుతూ.
తీసుకోవాలో వద్దో తేలలేదు.

ఈమధ్య టీ వేళ తల లేని దేవత నా జేబులో ఉంటోంది.
హాడ్జెట్స్ చూస్తే సరుకు పాడుచేస్తున్నావంటాడు.
పొద్దున ఎవరూ రాకముందు తూచాను.
ఇంకా ఏమీ తగ్గలేదు.