నిండుగా ఉన్న రోజే

నిజం చెప్పాలంటే, ఆ బండి దగ్గర మూడుసార్లు ఓడిపోయాను.
తొంభై ఆరు మోడల్ మారుతి, ఒకప్పుడు తెల్లది,
ఇప్పుడు మీగడ మాడిన రంగు.
ఎస్తేరు సిస్టరుది. పెద్దాసుపత్రిలో
ముప్పై ఏళ్లు కాన్పుల వార్డు చూసి రిటైరైన మనిషి.
వారానికి మూడు రోజులు గుంటూరు వెళ్లి
నర్సింగు పిల్లలకు పాఠాలు చెప్పొస్తుంది.

"నాగుల్‌మీరా, దీనికి ఆయాసం వస్తోందయ్యా" అంది మొదటిసారి.
వారధి దాకా బానే ఉంటుందట.
మంగళగిరి దాటి, కాజ టోలు కనబడే వేళకి
ఎంత తొక్కినా అందుకోదట,
వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తియ్యడట.
పక్కకు లాగి ఆపితే, పది నిమిషాలకు
ఏమీ ఎరగనట్టు లేచి కూచుంటుందట.

నా షెడ్డుకొచ్చాక మాత్రం
డాక్టరు గుమ్మంలో మాయమయ్యే పంటినొప్పి.
ఆటోనగర్ సుత్తి దెబ్బల మధ్య
చెవి ఆనించి విన్నాను. ఎక్కడా తాళం తప్పలేదు.

ప్లగ్గులు మార్చాను.
కార్బొరేటర్ విప్పి జెట్లు ఊదాను,
రెండు రోజులు నోట్లో పెట్రోలు రుచి పోలేదు.
వేడికి కాయిల్ చచ్చిపోతోందన్నాను, కొత్తది వేశాను.
పంపులో డయాఫ్రం సాగిందన్నాను, అదీ వేశాను.
ప్రతిసారీ బిల్లు రాశాను. నమ్మే రాశాను,
అదే ఎక్కువ సిగ్గు.

నాలుగోసారి బండితో పాటు నోటుబుక్కు తెచ్చింది.
"వచ్చిపోయే జ్వరాన్ని తగ్గినప్పుడు ముట్టుకుంటే ఏం తెలుస్తుంది?
ఛార్టు చూడాలి గానీ" అంటూ
నా గ్రీజు చేతుల్లో పెట్టింది.
స్కేలుతో కొట్టిన గళ్లు.
తేదీ, బయల్దేరిన టైము, ఎండా మబ్బూ,
ఏసీ వేసిందీ లేనిదీ, ఎక్కడ ఆగింది, ఎప్పుడు లేచింది.
అన్నిటికీ చివర, ఎర్ర ఇంకుతో, పెట్రోలు.

ఎండ గడి పట్టుకున్నాను ముందు. వానలోనూ ఆగింది.
ఏసీ అన్నాను. జనవరిలో ఏసీ ఎవరేస్తారు?
ఆవిడ వేలు ఎర్ర గడి మీద నిలబడింది.
"ముల్లు అడుక్కి పడ్డ రోజు గుంటూరు దాకా నిక్షేపంగా పోయింది.
బెంజి సర్కిల్లో నింపించుకున్న రోజే పడిపోయింది.
నిండుగా ఉన్న రోజే, చూడు."

నా దగ్గర జవాబు లేదు.
టాంకు నింపించి, ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చున్నాను.
వారధి మీద గాలి. కింద కృష్ణ
ఇసుక తిన్నెల మధ్య సన్నగా, ఎటో ఆలోచిస్తూ.
మంగళగిరి దాటాం. కొండ వెనక్కి తిరిగింది.
అప్పుడు మొదలైంది, ఒక వెక్కు, రెండో వెక్కు,
ఆ తర్వాత బండి మెల్లగా ఆశ వదులుకుంది.

దిగి పెట్రోలు మూత తిప్పాను.
బుస్సుమని పొంగుతుందేమోనని మొహం పక్కకి పెట్టుకున్నాను.
స్స్‌స్స్‌మని లోపలికి పీల్చింది,
నీళ్లలో మునిగినవాడు పైకి తేలినట్టు.
"పుట్టిన బిడ్డ కాసేపు మిన్నకుండి
పీల్చేది ఇలాగే" అంది సిస్టరు, స్టీరింగ్ మీంచే.
తాళం తిప్పితే స్టార్టయింది.

పాత మూత బంకులో పోయిందంటే
నిరుడు వేసవిలో ఆ మూత బిగించింది నేనే.
ఏదో కొత్త మోడలుది. మర సరిపోయింది,
సరిపోయిందని మురిసిపోయాను.
పాతదానికి సూది బెజ్జమంత దారుండేది,
పెట్రోలు తగ్గిన మేరకు గాలి దిగడానికి.
దీనికి లేదు. ఇంజను తాగే కొద్దీ
టాంకు లోపలికి లోపలికి బిగుసుకుంటుంది.
అడుగున కాస్తే ఉన్న రోజు లోపలి గాలితో నెట్టుకొస్తుంది.
నిండుగా ఉంటే ఆ కాస్త గాలికీ చోటు లేదు.

చెప్పకపోతే ఆవిడకి తెలీదు.
టోలు గేటు దాకా ఆ మాట నోట్లోనే ఉంచుకున్నాను,
పెట్రోలు రుచిలాగే ఉంది.
చెప్పేశాను.

తిట్టలేదు. పక్కకి ఆపి, నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని
ఖాళీగా వదిలిన గడిలో రాసుకుంది:
మందు వల్ల వచ్చిన జబ్బు.
"మా వార్డులోనూ ఉండేవిలే" అంది, పెన్ను మూస్తూ.
కాయిల్ డబ్బులు తిరిగిస్తే వద్దనలేదు,
లెక్కపెట్టుకుని మరీ పర్సులో పెట్టుకుంది.

ఇప్పుడు ఏ బండి వచ్చినా
బానెట్ ఎత్తేముందు అడుగుతున్నాను,
చివరిసారి దీని మీద చెయ్యేసింది ఎవరని.
సగం సార్లు నేనే.